అరచేతి పెంకులు

మౌక్తికపుర యువరాజు అరుణకేతు నీలవాక పట్టణంలో పెంకుల గంపలు మోస్తున్నాడంటే కన్నతల్లి కూడా నమ్మదు. వెండిపళ్ళెంలో తప్ప ముద్ద ముట్టని బిడ్డ, నెత్తిమీద చుట్టకుదురు పెట్టుకుని, ఏకన్న అనే పేరుతో, కుమ్మరివాడలో కాలిన పెంకులను పొద్దున్నుంచీ రేవుకు చేరవేస్తున్నాడు. ఏం చేస్తాడు మరి? తండ్రి కంటినిద్రను దొంగిలించి పారిపోయిన మాంత్రికుడు కపాలదండుడు ఈ చుట్టుపక్కలే ఎక్కడో దాగి ఉన్నాడని తెలిసింది. అక్కడ మౌక్తికపురంలో మహారాజు ఏడాదిగా రెప్ప వాల్చలేదు. ఇక్కడ కొడుకు నెత్తికి బొప్పి కట్టింది.

నీలవాక సొగసు ఒక్కమాటలో చెబితే పాపం. పట్టణాన్ని ఆనుకుని ఇంద్రనీల వర్ణపు నీళ్ళతో మందాకర నది. గట్టు పొడవునా పొన్నచెట్లు, వాటి కింద చంద్రకాంత శిలల అరుగులు. మేడలకు తామరమొగ్గల శిఖరాలు, వీధిమలుపుల్లో రాతి ఏనుగుల తొండాలనుంచి గలగలా దూకే మంచినీళ్ళు, అంగడివీధిలో జవ్వాజీ, పునుగూ, సంపెంగల గుప్పుగుప్పులు. ఇన్ని వింతలున్నా యువరాజును కట్టిపడేసింది మాత్రం ఆ ఊరి పన్ను.

రాజుకు కట్టే శిస్తు వేరు. ఇది పట్టణసభ పన్ను, దీనిమీద రాజు చెయ్యి పడదు. ఇంటికి ఎన్ని గుమ్మాలుంటే అన్ని గంపల పెంకులు ఏటా సభకు ఇవ్వాలి. ఇంటిల్లిపాదీ కుమ్మరివాడకు పోయి, పచ్చి పెంకులమీద తమ అరచేతులు అద్ది రావాలి. పట్టణంలో పొయ్యి వెలిగించుకున్న పరాయివాడు కూడా ఒక్క పెంకైనా ఇవ్వాలి గనుక ఏకన్నా అద్దాడు. కత్తివేటు మచ్చ అడ్డంగా పడిన అతని అరచెయ్యి పెంకుమీద చక్కగా దిగింది. ఏరు మింగి ఇల్లు పోయినవాళ్ళకు, నిప్పంటుకుని వీధినపడ్డవాళ్ళకు, పుట్టి బుద్ధెరిగి సొంత ఇల్లెరగని కూలివాళ్ళకు ఆ పెంకులతో సభ ఇళ్ళు కట్టిస్తుంది. ఎవరికి ముందు, ఎవరికి తరవాత అన్నది నడివీధిలో అందరి ఎదుటా తేలవలసిందే. చెవిలో గుసగుసలకు అక్కడ తావులేదు.

అందరూ నవ్వుతూనే ఇచ్చేవారని అనుకోకండి. రత్నాల వర్తకుడు గుణపాలశెట్టి తన మేడ గుమ్మాలన్నీ ఇటుకలతో మూయించి, ఒక్క వీధిగుమ్మం మిగుల్చుకుని, పడకగదిలోకి కిటికీలోంచి దూరేవాడు. ఒకసారి పొట్ట ఇరుక్కుని ముందుకూ వెనక్కూ కాక వేలాడుతూ కేకలు పెడితే, పన్ను వసూలుకు వచ్చిన తలారులే లాగి బయటపడేశారు. ఆ ఊళ్ళో పిల్లలు ఇప్పటికీ ఆ ఆట ఆడుకుంటారు.

ఈ పన్నుకు తోడు రెండు కట్టుబాట్లున్నాయి. సభ గోడ కడుతుంది, కప్పు వేస్తుంది, గడప మాత్రం పెట్టదు. గడప చెక్క ఆ ఇంటివాళ్ళే తెచ్చుకోవాలి, అప్పుడే ఆ ఇల్లు వాళ్ళదౌతుంది. ఇక రెండోది, పన్ను ఇచ్చినవాడు ఆ గడప తొక్కకూడదు, ఆ వీధి మొహం చూడకూడదు. ఇచ్చినవాడు గుమ్మంలో నిలబడితే పుచ్చుకున్నవాడి తల వంగుతుందని పెద్దలు ఆలోచించి పెట్టిన నియమం. మంచి మనసుతోనే పెట్టారు. దాంతోనే కొంప మునిగింది.

ఇవతలి గట్టును నది కోసుకుపోతూండడంతో కట్టడానికి చోటు కరవైంది. అప్పుడు విశ్వకంఠుడనే స్థపతి ఎక్కడినుంచో వచ్చి, అవతలి ఒడ్డున కొత్తవాడ కట్టిస్తానన్నాడు. సభ ఒప్పుకుంది. అప్పటినుంచీ పెంకులన్నీ అతనికే అప్పజెబుతున్నారు. నది అవతల ఎర్రటి కప్పులు వరుసలు వరుసలుగా పెరుగుతూ వచ్చాయి. ఊరివాళ్ళు గట్టుమీద నిలబడి వాటిని దూరంనుంచే చూసి మురిసిపోయేవారు. దగ్గరికి పోయి చూసినవాడు ఒక్కడూ లేడు.

ఆ ఉదయం కుమ్మరివాడ చివరి పాకముందు సూరమ్మ కూర్చుని గడప చెక్కకు పసుపు రాస్తోంది. పెంకుల కూలీలకు అన్నం వండిపెట్టే ఈ ముసలమ్మ దగ్గరే ఏకన్న బస. మొన్నటి వరదకు ఆమె ఇల్లు కొట్టుకుపోయింది.

"మా ఆయన మద్దిచెక్కతో చేయించిన గడపయ్యా ఇది. ఏరు ఇల్లంతా మింగి దీన్ని మాత్రం గట్టునేసి పోయింది. ఇవాళ సాయంత్రమే నా పడవ. మా పైడి ఇంటిపక్కనే నాకూ ఇల్లిచ్చారంట!" అంది ఆమె, మొహమంతా నవ్వై.

పైడి ఆమె ఒక్కగానొక్క కూతురు. కూలివాణ్ణి కట్టుకుని, నిరుడు కొత్తవాడకు వెళ్ళింది. వెళ్ళినప్పటినుంచీ కబురు లేదు.

"ఒక్కసారైనా రాలేదేం పెద్దమ్మా, నీ కూతురు?"

"కొత్త కాపురం, కొత్త ఇల్లు. తీరికెక్కడుంటది? అందరూ కులాసాగా ఉన్నారని స్థపతిగారు చెబుతూనే ఉన్నారుగా. పోయి చూద్దామంటే ఇన్నాళ్ళూ నేనూ పన్నిచ్చినదాన్నేనాయె, ఆ వైపు పోకూడదు." ఆమె సద్దిమూట అతని చేతికిచ్చింది. "పచ్చిమిరపకాయలు పెట్టాను, నంజుకో. మధ్యాన్నం కునుకు రాదు."

"ఇన్నా! మా ఊళ్ళో ఒక్కటే నంజుకుంటాం పెద్దమ్మా."

"మీ ఊళ్ళో మగాళ్ళు మరీ సుకుమారం."

యువరాజు సద్దిమూటను నడుముకు కట్టుకున్నాడు.

అంతలో పాకమీద దడదడమని చప్పుడైంది. కోతులమంద పక్కింటి కప్పుమీదికి దూకి, ఒక పెంకు ఊడబెరికి కింద పారేసింది. సూరమ్మ చీపురు ఎత్తి, "మీ మొహాలు మండ! ఊళ్ళో ఒక్క కప్పునైనా సుఖంగా ఉండనివ్వరు గదా!" అని వెంటపడింది. అరుణకేతు నవ్వుతూ నదివైపు చూశాడు. గురి తప్పని విలుకాడు గనుక అతని చూపు చాలా దూరం పోతుంది. అవతలి ఒడ్డున కూడా కోతులున్నాయి. ఒక కొండముచ్చు మామిడికొమ్మ మీదనుంచి కొత్తవాడ కప్పుమీదికి దూకింది. దూకి, కప్పులోంచి నేరుగా కిందికి జారిపోయింది. పెంకు కదల్లేదు, చప్పుడు లేదు. మరుక్షణం అది గోడలోంచి ఇవతలికి వచ్చి నేలమీద కూర్చుని నడుము గోక్కుంటూ కనిపించింది.

అరుణకేతు మొహంలో నవ్వు మాయమైంది.

గంప ఎత్తుకుని రేవుకు పరుగెత్తాడు. అక్కడ స్థపతి విశ్వకంఠుడు పట్టుపంచె, పచ్చల పోగులతో నిలబడి పెంకులు తనిఖీ చేస్తున్నాడు. పక్కన సభాపెద్ద సోమిదేవయ్య, వెనక సభ్యులు. స్థపతి నడుముకు ఒక నల్లశంఖం వేలాడుతోంది. అతను అటు తిరిగితే అటువాళ్ళు ఆవలించారు, ఇటు తిరిగితే ఇటువాళ్ళు ఆవలించారు. "మరి ఈ ఏటి కట్టుబడి ఎంతవరకు..." అని సోమిదేవయ్య ఏదో అడగబోయి, సగంలో కునికిపాటు పడ్డాడు. స్థపతి వచ్చిన ప్రతి సభలోనూ ఇదే తంతు. ప్రసంగం సుదీర్ఘంగా ఉంటుందని జనం సరిపెట్టుకునేవారు. అరుణకేతుకు అర్థమైంది. ఏడాదిగా తండ్రి కళ్ళకు దూరమైన నిద్ర ఆ శంఖంలో ఉంది!

ఇక ఆలోచనకు వేళ లేదు. పెంకుల పడవలు నదిమధ్య లంకదాకానే ఊరివాళ్ళు నడుపుతారు. అక్కణ్ణుంచి స్థపతి మనుషులు తీసుకుపోతారు. గంపతోపాటు పడవెక్కిన అరుణకేతు లంకలో దిగినట్టే దిగి, ఎవరూ చూడకుండా తాటాకు చాప కింద పెంకుల మధ్య దూరాడు. పడవ కదిలింది. చాప సందులోంచి చూస్తే తెడ్లు వేస్తున్నవాళ్ళకు కళ్ళు లేవు, ముక్కు లేదు. గడ్డిబొమ్మలు! పెంకు ఒకటి కాలికింద చిటుక్కుమంది. ఒక గడ్డిచెయ్యి చాపను చించి అతని గొంతు పట్టుకుంది. అతను కత్తితో నరికితే తెగినచోట మళ్ళీ గడ్డి మొలిచింది. కళ్ళు బైర్లు కమ్ముతూండగా మొలలోని చెకుముకి రాయి గుర్తొచ్చింది. చర్రున గీశాడు. నిప్పురవ్వ పడింది, బొమ్మలు భగ్గున అంటుకున్నాయి, అరుణకేతు వాటిని ఒక్క తాపు తన్ని నదిలో పడేసి, తానే తెడ్డు వేసి ఒడ్డు చేరాడు.

అక్కడ ఊరి పెద్దలు చూడవలసిన దృశ్యం ఉంది. కొత్తవాడ ఇళ్ళ గోడకు చెయ్యి ఆనిస్తే చెయ్యి అవతలికి పోయింది. వీధి వీధంతా పొగమంచు. ఆ మంచు వెనక కొండకొన మీద ఆకాశాన్నంటే కోట ఒకటి ఎర్రగా మెరుస్తోంది. పునాదినుంచి శిఖరందాకా దానికి గోడలే లేనట్టు అంతా పెంకులే. ప్రతి పెంకుమీదా ఒక అరచెయ్యి. ముసలిచేతులు, పసిచేతులు, గాజులు ఒత్తుకున్న చేతులు. అన్నీ అభయం ఇస్తున్నట్టు బయటికి తిరిగి ఉన్నాయి. కోటకింద ఆరుబయట, చెట్లకు కట్టిన పాతచీరల నీడన, నీలవాక పేదలు కాపురం ఉంటున్నారు. పగలు నిచ్చెనలెక్కి మాంత్రికుడి కోటకు పెంకులు కప్పుతున్నారు.

నిచ్చెన దిగుతున్న ఒక యువతికి అచ్చం సూరమ్మ గడ్డం ఉంది.

"నువ్వు పైడివి కదూ? మీ అమ్మ సాయంత్రం పడవకు వస్తోంది."

ఆమె చేతిలో తాపీ జారిపోయింది. "అమ్మా? ఇక్కడికెందుకు? ఇక్కడ ఇల్లేదీ?"

"మరి మీరు తిరిగి రాలేదేం?"

"ఎక్కడికి రావాలి?" అంది పైడి. "మాకు పన్నివ్వడం ఊరు మానేసిందనీ, మేం వస్తే గట్టు ఎక్కనివ్వరనీ స్థపతి చెప్పాడు. మొదట్లో నమ్మలేదు. గట్టుమీద నిలబడి రోజూ చేతులూపాం. ఒక్కరూ రాలేదు, ఒక్కరూ ఎలా ఉన్నారని అడగలేదు. మా అమ్మ కూడా రాలేదు. అప్పుడు నమ్మాం."

అవతలి ఒడ్డువాళ్ళకు పొగమంచు ఇళ్ళే కనిపిస్తాయని, ఈ చేతులు కనిపించవని ఆమెకు ఎవరు చెప్పాలి? పుచ్చుకున్నవాళ్ళ తల వంగరాదని పెట్టుకున్న మర్యాద వీళ్ళను ఏడాదిపాటు ఏడిపించింది. యువరాజుకు ఒళ్ళు మండిపోయింది.

సరిగ్గా అప్పుడే స్థపతి గాలిలో నడిచివచ్చి కోట అరుగుమీద దిగాడు. పట్టుపంచె జారి పులితోలైంది, పచ్చల పోగులు పుర్రెలయ్యాయి. కపాలదండుడు! అరుణకేతు గురిచూసి కత్తి విసిరాడు. అది మాంత్రికుడి రొమ్ముకు జానెడు దూరంలో ఆగి, ఎవరో చేత్తో పట్టి కింద పెట్టినట్టు మెల్లగా నేల వాలింది.

మాంత్రికులందరికీ ఒక జబ్బు ఉంది, రహస్యం కడుపులో దాచుకోలేరు. కపాలదండుడు పకపకా నవ్వి, "వెర్రివాడా! ఇంకొకరి తలదాపు కోసం మనసారా ఇచ్చిన చేతులివి. వీటి నీడన ఉన్నవాణ్ణి ఏ ఆయుధమూ తాకదు. ఇచ్చినవాడే ఆ గట్టు విడిచి వచ్చి తిరిగి అడిగితే తప్ప ఒక్క పెంకూ కదలదు. వాళ్ళు రారు! నీలవాకవాళ్ళ మర్యాదే నా కోటగోడ!" అన్నాడు.

అరుణకేతు చూపు పైడి అప్పుడే కప్పి వచ్చిన వరుసమీద పడింది. ఆ వరుసలో కత్తివేటు మచ్చ ఉన్న అరచెయ్యి!

"ఆ పెంకు నాది," అన్నాడు అతను. "తలదాచుకోను చోటులేని తల్లి కోసం ఇచ్చాను. నీకోసం కాదు. నాది నాకిచ్చెయ్."

పెంకు వణికింది. చూరులోంచి జారి నేరుగా వచ్చి అతని చేతిలో వాలింది. కోటకు పడిన ఆ చిన్న కంతలోంచి సన్నటి ఎండ లోపలికి దూరింది. దాని సెగకు కపాలదండుడి భుజం చుర్రుమంది.

మాంత్రికుడు కెవ్వుమని నల్లశంఖం మూత తీశాడు. మహారాజు ఏడాది నిద్ర ఒక్కసారిగా యువరాజు మీద పడింది. కాళ్ళు మెత్తబడ్డాయి, రెప్పలు బరువెక్కాయి, మోకాళ్ళమీద కూలిపోతూ అతను సద్దిమూటలో చెయ్యి పెట్టాడు. దొరికిన పచ్చిమిరపకాయలన్నీ ఒక్కసారే నోట్లో కుక్కుకుని నమిలాడు. అబ్బ! నిద్ర కాదు, ప్రాణమే లేచివచ్చింది. కళ్ళవెంట, ముక్కువెంట ధారలు కారుతూండగా పెంకును గుండెలకు అదుముకుని, హా హా అని ఊదుకుంటూ, పడవలోకి దూకాడు. పైడి వెనకనుంచి పడవను బలంగా నెట్టింది.

పొద్దు వాలుతూండగా నీలవాక రేవులో సూరమ్మ పడవ ఎక్కబోతోంది. ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుంది. ఒక చేత ఉప్పుకుండ, చంకన పసుపు రాసిన గడప. సాగనంపడానికి ఊరంతా వచ్చింది. మిరపమంటకు మొహమంతా ఎర్రబడ్డ ఏకన్న వచ్చి ఆమెకు అడ్డం నిలబడ్డాడు. చూసినదంతా చెప్పాడు, పెంకు చూపించాడు. జనం గొల్లుమన్నారు. పైడి మాటలు చెప్పేసరికి సూరమ్మ కుండ కిందపెట్టి అక్కడే కూలబడింది.

"అందరం పోవాలి," అన్నాడు అరుణకేతు. "ఎవరి చెయ్యి వాళ్ళు అడిగి తెచ్చుకోవాలి."

తెల్లటి మీసాల సోమిదేవయ్య తల అడ్డంగా ఊపాడు. మంచివాడే, మొండివాడు. కొత్తవాడ శిఖరానికని మొట్టమొదటి పెంకు అద్దింది ఆయనే. "నాయనా, నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. కానీ ఇచ్చినవాళ్ళం అక్కడ అడుగుపెడితే ఆ బిడ్డలు తలెత్తుకోగలరా? మా తాతల కాలంనుంచీ ఏ ఒక్కరూ ఆ గడపలు తొక్కలేదు. సైనికుల్ని పంపుదాం, రాజుగారికి కబురు పెడదాం."

"సైనికుల పెంకులు అక్కడ లేవు."

ఎవరూ కదల్లేదు. నదిమీద చీకటిమబ్బు ఒకటి అవతలి ఒడ్డునుంచి లేచి మెల్లగా ఇటు పాకుతోంది.

సూరమ్మ లేచింది. కళ్ళు తుడుచుకోలేదు. సోమిదేవయ్య ఎదటికి వచ్చి నిలబడింది.

"తొక్కకూడనిది గడపని గదయ్యా మీ నియమం? అక్కడ ఇల్లే లేదు, గడపెక్కడిది? ఉన్న గడప ఇదుగో, నా చంకలో ఉంది." ఆమె ఆ చెక్కను తీసి రేవుమెట్టుకూ పడవ అంచుకూ మధ్య వంతెనలా పరిచింది. "నా గడప. నేనే తొక్కమంటున్నా. నా బిడ్డ ఏడాదినుంచీ మీరొస్తారని చూసి చూసి విసిగిపోయింది. మీరొస్తే దాని తల వంగదు. రాకపోతేనే వంగింది."

ముందుగా కదిలింది ఎవరనుకున్నారు? గుణపాలశెట్టి! పొట్ట సర్దుకుని, "ఎన్ని గుమ్మాలు మూయించినా ఒక గంప ఇచ్చాను. అందులో మా బుల్లిదాని చెయ్యి కూడా ఉంది. వాడి నెత్తిన మా పిల్ల చెయ్యేమిటి?" అని గొణుక్కుంటూ గడప దాటి పడవెక్కాడు. పడవ ఒరిగింది గాని మునగలేదు. వెనక కుమ్మరులు, నేతగాళ్ళు, చంకన పిల్లల్ని వేసుకున్న తల్లులు. ఒక పడవ నిండితే సూరమ్మ గడపను తీసి పక్క పడవకు వేసింది. చివరికి సోమిదేవయ్య ఒక్కడూ మిగిలాడు. ఆయన చెప్పులు విడిచి మెట్టుమీద పక్కగా పెట్టాడు. ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినవాడిలా వంగి, గడపను కళ్ళకద్దుకుని దాటాడు.

పడవలు నడినదికి చేరేసరికి కపాలదండుడు కోట శిఖరాన కనిపించాడు. కోపంలో కనికట్టును పట్టి ఉంచలేకపోయాడో ఏమో, కొత్తవాడ ఎర్రకప్పులన్నీ ఒక్కసారిగా చెదిరిపోయాయి. ఇన్నాళ్ళూ మురిసిపోయిన ఇళ్ళచోట బోడినేల మిగిలింది. ఆ నేలమీద, నీళ్ళ అంచున, గుంపుగా మనుషులు నిలబడి ఉన్నారు. పడవల్లో తల్లులు చూపులతో వాళ్ళను వెతుక్కుంటూ గట్టిగా ఏడ్చేశారు.

మాంత్రికుడు దండంతో నదిని కొట్టాడు. మందాకర నీళ్ళు బుసకొట్టి లేచి, తాటిచెట్టంత ఎత్తున గోడ కట్టి, పడవలమీదికి వంగాయి. "తెడ్లు ఆపకండి!" అని అరిచాడు అరుణకేతు. సోమిదేవయ్య ఊగుతున్న పడవలో లేచి నిలబడి, రెండు చేతులూ ఎత్తి, "శిఖరంమీది పెంకు నాది! అడగడానికి నేనే వచ్చాను!" అని ముసలిగొంతు చించుకున్నాడు. కోట నడినెత్తిన ఏదో ఫెళ్ళున పగిలిన చప్పుడైంది.

నీటిగోడ మీదికి విరుచుకుపడుతోంది. దాని పచ్చటి నీడ పడవలన్నిటినీ కమ్మేసింది. గడపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సూరమ్మ ఆ గోడవైపు చూడనేలేదు. అవతలి ఒడ్డున నడుములోతు నీళ్ళలోకి దిగి చేతులు చాచిన కూతురొక్కతే ఆమెకు కనిపిస్తోంది.

"ఒసే పైడీ! పొయ్యి రాజెయ్యవే!" అని కేకపెట్టింది. "ఊరంతా వస్తున్నాం, ఎవరూ అన్నాలు తినలా!"